బంట్ ఆడమన్న రోజు

జీవితంలో మొట్టమొదటిసారి బేస్‌బాల్ బ్యాటు పట్టినప్పుడు నేను బంతిని బాగానే కొట్టాను. ఆ తర్వాత చేసిందే బాగాలేదు. బంతి నేలబారుగా ఎడమవైపు ఫీల్డర్ మీదికి సూటిగా పోయింది. పరుగు రాదని అంచనా వేసి, కుడిచెయ్యి ఎత్తి, "నో" అని గట్టిగా కేకవేసి నిలబడ్డచోటే నిలబడిపోయాను. ఆ కేక వినవలసిన అవతలి బ్యాటర్ అక్కడ లేడు. ఆ ఆటలో అవతలి బ్యాటర్ అనేవాడే ఉండడు. బంతి నేలమీద పోతే పరిగెత్తి తీరాలి. ఇంతలో ఫీల్డర్ చేతిలోంచి బంతి జారింది. అందరూ పరిగెత్తమని అరిచారు. బ్యాటు చేత్తో పట్టుకుని, తిన్నగా బంతి విసిరినాయన వైపే పరిగెత్తాను. నాలుగడుగులు వేశాక దారి తప్పానని తెలిసి, కుడివైపు మళ్ళి మొదటి బేస్ అనే దిండు దగ్గరికి పోయి, బ్యాటు చాచి దాన్ని తాకించాను. అక్కడ నిలబడ్డతను తన కాళ్ళు కాపాడుకోవడానికి గెంతాడు.

ముగ్గురు అన్నదమ్ముల మధ్య టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి పెరిగిన కాళ్ళు అవి. కొత్త దేశం వచ్చామని వాటికి ఎవరూ చెప్పలేదు.

ఇది అమెరికా సరిహద్దుకి పైన, మిల్టన్ అనే ఊళ్ళో ఒక పార్కులో, ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీకి కాస్త అవతల, గోడౌన్ల వరసలో ఉన్న ఒక బ్యాటింగ్ కేజ్‌లో నేను అప్పటికి మూడు వారాలుగా పార్ట్‌టైమ్ చేస్తున్నాను. ఆ రోజు పనివాళ్ళకి పిక్నిక్. మా యజమాని గడ్డిలో కూలబడి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. యాభై దాటిన కొరియా మనిషి. భుజాలు మాత్రం ఇంకా గుమ్మం పట్టనంత. నవ్వు ఆగాక ఇక నా పేరు "క్రికెట్" అని ప్రకటించారు. ఇంగ్లీషులో ఆ మాటకి కీచురాయి అని ఇంకో అర్థముందని నాకు తర్వాత తెలిసింది. నా గొంతు విన్నవాళ్ళెవరూ ఆయన్ని తప్పుపట్టలేరు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయన గురించి "నవ్వాడు" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కోపం చాలా ఉంది గానీ, కోపానికీ "గారు" తగిలించి పెంచిన ఇల్లు మాది.

బ్యాటింగ్ కేజ్ అంటే వలలు కట్టిన పొడవాటి బోను. ఒక చివర మిషన్ బంతులు విసురుతుంది. రెండో చివర జనం కొడతారు. కొట్టినవన్నీ ఏరి మళ్ళీ మిషన్‌లో పోయాలి. నాది ఒంగోలు. ఒంగే పనే దొరికింది. ఊరి పేరు నిలబెట్టడం కోసం రోజంతా వంగాను. ప్రతి కాలేజీకీ విమానాల నిండా మనవాళ్ళు దిగుతున్న రోజులవి. ఒక్క కాఫీ షాపు ఉద్యోగానికి రెజ్యూమేలు పట్టుకుని షాపు చుట్టూ లైను కట్టేవాళ్ళం. అలాంటప్పుడు ఏరే పని దొరకడమంటే ఏరికోరి దొరికినట్టే. మిల్టన్‌లో ఒక టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో మేం ఆరుగురం అమ్మాయిలం ఉండేవాళ్ళం. అందులో వరంగల్ నుంచి వచ్చిన ఒక అక్క నా పని గురించి విని, "ఇంత చదువు చదివి బంతులు ఏరుతున్నవా?" అంది. తను గోడౌన్‌లో అట్టపెట్టెలు మడుస్తోంది. ఇద్దరం ఒకరి డిగ్రీని ఒకరు గౌరవించుకుని నిద్రపోయాం.

కేజ్ ఆఫీసు గోడమీద ఒక పెద్ద ఫోటో ఉండేది. అందులో మా యజమాని పాతికేళ్ళ కుర్రాడు. బంతి ఫోటోలో లేదు, ఎటో వెళ్ళిపోయింది. బ్యాటు మాత్రం ఆయన తలకి పైన, గాలిలో, తిరుగుతూ ఉంది. హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొట్టగానే బ్యాటుని అలా ఎగరేయడం వాళ్ళ దేశంలో ఒక వేడుకట. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. జనం దానికోసమే ఎదురుచూస్తారట. ప్రతి బ్యాటర్‌కీ ఒక పాట కూడా ఉంటుంది. అతను క్రీజులోకి రాగానే స్టేడియం మొత్తం ఆ పాట పాడుతుంది. ఆయన తన పాటని నేల ఊడ్చేటప్పుడు కూనిరాగం తీసేవారు. ఒక స్టేడియం పాడిన పాటని ఇప్పుడు చీపురుకి వినిపించేవారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయన కథలు చెప్పేవారు. మా ఇద్దరి మధ్య ఇంగ్లీషే. ఎవరి ఇంగ్లీషు వాళ్ళదే. వాళ్ళది రేవు పట్నం. వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్మేది. బడిలో ఉండగానే హాస్టల్లో పడేశారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ బట్టలుతకాలి. అరచేతులు పగిలేదాకా బ్యాటు తిప్పాలి. తర్వాత ప్రొఫెషనల్ టీమ్, పత్రికల్లో బొమ్మలు, పెళ్ళి. ఒక వేసవి అమెరికాలో చిన్న టీమ్ ఒకటి ప్రయత్నించి చూడమని పిలిచింది. మూడో మ్యాచ్‌లోనే హోమ్ రన్ కొట్టి, అలవాటు ప్రకారం బ్యాటు ఎగరేశారు. మళ్ళీ బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు మొదటి బంతే పక్కటెముక విరగ్గొట్టింది.

"ఎందుకు సార్?" అన్నాను.

"అక్కడ బ్యాటు విసిరితే బౌలర్‌ని తిట్టినట్టు. నేను పండగ చేసుకున్నా. వాళ్ళకి తిట్టు వినిపించింది."

పక్కటెముక అతుక్కుంది. అమెరికా మాత్రం అతకలేదు. తిరిగి వెళ్ళి సొంత టీమ్‌కే ఇంకో ఏడేళ్ళు ఆడారు.

ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన కథ ఇంకొకటి. ఒక ఏడాది సీజన్‌లో ఆఖరి మ్యాచ్. హోమ్ రన్ల పట్టికలో ఆయనా, వేరే టీమ్ బ్యాటర్ ఒకాయనా సమానంగా ఉన్నారు. ఇంకొక్కటి కొడితే కిరీటం ఈయనది. ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమం, రెండు బేస్‌ల మీద మనుషులు, అవుటెవరూ కాలేదు. ఈయన వంతు వచ్చింది. స్టేడియం లేచి పాట అందుకుంది. అప్పుడు మేనేజర్ టోపీ అంచు తాకి, బెల్టు తాకి, మోచేయి తాకాడు. అది బంట్ సైగ.

బంట్ అంటే బ్యాటు తిప్పకుండా, అడ్డంగా పట్టుకుని, బంతిని అక్కడికక్కడే మెత్తగా పడేయడం. కొట్టినవాడు అవుటైపోతాడు. ముందున్నవాళ్ళు ఒక బేస్ ముందుకు జరుగుతారు. రూల్ పుస్తకంలో దాన్ని త్యాగం అంటారు. నేను వింటూ వింటూ మనసులో అనుకున్నాను: ఇది మన బంటు. యజమాని కనుసైగ చేస్తే సముద్రం దాటేవాడే బంటు. కాకపోతే మన బంటుకి గుళ్ళు కట్టారు. ఈయనకి ఏమీ కట్టలేదు.

"ఆడారా సార్?"

"ఆడాను. ఐదేళ్ళుగా నాకు ఎవరూ బంట్ సైగ ఇవ్వలేదు. అయినా ఆడాను. టీమ్ గెలిచింది. నా కిరీటం ఒక్క హోమ్ రన్ దూరంలో ఉండిపోయింది. అందరూ మేనేజర్‌ని ఎత్తుకున్నారు." చెంచా గిన్నెలో పెట్టేసి, "బలమున్నవాడినే బలి అడుగుతారు, క్రికెట్. అది మోసం. గుర్తుపెట్టుకో," అన్నారు. బలి, బలం అనే ప్రాస నాది. ఆయన చెప్పింది అంతకంటే మొరటుగా ఉంది.

గుర్తుపెట్టుకున్నాను. దానివల్లే ఆయన్ని నమ్మాను. ఈ మనిషికి దెబ్బ రుచి తెలుసు, ఇంకొకరికి వడ్డించడు అనుకున్నాను. పచ్చిమిరపకాయ కొరికినవాడు కూరలో కారం తగ్గిస్తాడని అనుకునేంత తెలివి నాది.

చదువైపోయింది. నాకు ఏడాదిన్నర వర్క్ పర్మిట్ వచ్చింది. అందులో పన్నెండు నెలలు నైపుణ్యమున్న పని చేశానని యజమాని రాసిస్తే పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే హక్కుకి, అప్లై చేయొచ్చు. బంతులు ఏరడం నైపుణ్యం కిందికి రాదు. ఏరేవాళ్ళ మీద సూపర్‌వైజర్ అయితే వస్తుంది. అప్పటికే ఉదయం తాళం తీసేది నేను. డ్యూటీ చార్టు వేసేది నేను. మిషన్ బెల్టు తెగితే మార్చేది నేను. కొత్తవాళ్ళకి పని నేర్పేదీ నేనే. ఆయన మధ్యాహ్నం వచ్చి పిల్లలకి బ్యాటింగ్ చెప్పి వెళ్ళేవారు. అందుకని ధైర్యం చేసి అడిగాను.

"ఒక్క సంవత్సరం ఫుల్‌టైమ్ చెయ్యి. సూపర్‌వైజర్ అని సంతకం పెడతా," అన్నారు. తన చిటికెన వేలు నా చిటికెన వేలికి మెలేసి, బొటనవేలుతో నా బొటనవేలిని నొక్కారు. "స్టాంప్," అన్నారు. కొరియాలో మాట ఇచ్చే పద్ధతి అదట. మా ఊళ్ళో వేలిముద్ర పడిందంటే పొలాలు చేతులు మారతాయి. ఇక కాగితం ఎందుకు అనుకున్నాను. నిజానికి మా చిన్నప్పుడు చిటికెన వేలు చూపిస్తే కటీఫ్ అని అర్థం. రెండు పద్ధతుల్లో ఏది మంచి శకునమో నేనే ఎంచుకున్నాను, తప్పు కూడా నేనే ఎంచుకున్నాను.

"కాగితం మీద రాయించుకున్నవా?" అని అడిగింది వరంగల్ అక్క.

"లేదక్కా. స్టాంప్ వేశారు."

"ఏది, చూపెట్టు."

బొటనవేలు చూపించాను. ఆమె దాన్ని వెలుతురుకి తిప్పి చూసింది. తర్వాత, "పోనీలే, సిరా కూడ అంటలే. కడుక్కునే బాధ లేదు," అంది.

నాలుగో నెలలో, దేశంలో ఇంకో మూలనున్న రెజైనా నుంచి ఫోన్ వచ్చింది. ఇంజినీరింగ్‌లో నా పక్క బెంచీ అమ్మాయి. అక్కడే చదివి అక్కడే స్థిరపడింది. "ఏమే, వింటున్నావా? మా హోటల్లో ఫ్రంట్ డెస్క్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. మా మేనేజర్‌తో నీ గురించి చెప్పా. ఇక్కడ కొన్ని నెలలు చేస్తే ప్రావిన్సే మనల్ని పీఆర్‌కి నామినేట్ చేస్తుంది. చలి చంపేస్తుంది గానీ పీఆర్ బతికిస్తుంది. రెండ్రోజుల్లో చెప్పు."

మర్నాడు ఆ మాట ఆయనకి చెప్పాను. దాయడం మర్యాద కాదనిపించింది. ఆయన మొహం వాడిపోయింది. "నువ్వు వెళ్తే ఈ షాపు ఎవరు నడుపుతారు? ఎనిమిది నెలలే కదా," అన్నారు. నేను లేకపోతే ఒక షాపు నడవదని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు. నేను లేకపోయినా నడిచే వాటి జాబితాయే పెద్దది. రెజైనాకి ఫోన్ చేసి వద్దన్నాను. నా స్నేహితురాలు, "నీ ఇష్టం తల్లీ," అని పెట్టేసింది. తల్లీ అన్నదంటే తిట్టిందని అర్థం.

ఆరో నెలలో ఆయన మేనల్లుడు షాపులో దిగాడు. నాకంటే ఏడాది చిన్నవాడు. కొరియా నుంచి ఎప్పుడో చదువుకి వచ్చి, మానేసి, ఎలాగో వర్క్ పర్మిట్ సంపాదించాడు. నన్ను "నూనా" అని పిలిచేవాడు. అంటే వాళ్ళ భాషలో అక్క. ఆ పిలుపుతో నూనె రాసినట్టు నా పని అంతా నున్నగా చేయించుకునేవాడు. "నూనా, ఈ చార్టు నువ్వే వెయ్యవా?" "నూనా, ఈ బెల్టు నాకు భయం." చెడ్డవాడు కాదు. సిగ్గరి. మిషన్‌కి దణ్ణం పెట్టి మరీ స్విచ్ వేసేవాడు. చేతిలో పని లేనప్పుడు నా పక్కన నిలబడి పని ఎలా చేస్తున్నానో ఫోన్‌లో రాసుకునేవాడు. నేర్చుకుంటున్నాడనుకుని ముచ్చటపడి, మెల్లగా, విడమర్చి చెప్పాను.

ఏడాది పూర్తయింది. మా దగ్గర అలవాటు ఏమిటంటే, అనుభవం లెటర్ మనమే టైప్ చేసి తీసుకెళ్తాం, యజమాని చదివి సంతకం పెడతాడు. వారం రోజులు కూర్చుని రాశాను. ఒక్క అబద్ధం లేకుండా, ఒక్క పనీ పెంచకుండా. పెద్ద పెద్ద మాటలు వాడాలని ఇంటర్నెట్ చెప్పినా వాడలేదు. ఓ మంగళవారం మధ్యాహ్నం, అవతల ఎవరో కొడుతున్న బంతుల చప్పుడు మధ్య, ఆయన టేబుల్ మీద పెట్టాను.

కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివారు. వేలితో ఒక్కో వరుసా తాకుతూ చదివారు.

"అంతా నిజం," అన్నారు.

"అవును సార్."

"సంతకం పెట్టలేను."

నేను నవ్వాను. ఆయన అప్పుడప్పుడు అలా ఏడిపిస్తారు. ఈసారి ఆయన నవ్వలేదు. సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. ఆయన పేరున్న లెటర్‌హెడ్. సూపర్‌వైజర్ అని మేనల్లుడి పేరు. కింద చేసే పనుల జాబితా. తాళం తీయడం, చార్టు వేయడం, బెల్టు మార్చడం, కొత్తవాళ్ళకి నేర్పడం. నా ఏడాది అది, వేరేవాళ్ళ పేరుమీద. ఆ జాబితాలో మాటల వరస చూసి గుర్తుపట్టాను. నేను ఆ అబ్బాయికి విడమర్చి చెప్పిన వరసే.

"నలుగురు పనిచేసే షాపుకి ఇద్దరు సూపర్‌వైజర్లంటే ఇమిగ్రేషన్ ఆఫీసర్ అనుమానిస్తాడని లాయర్ చెప్పాడు," అన్నారు. "వాడు మా అక్క కొడుకు. వాడికి ఇంకెక్కడా పని దొరకదు. నీకు దొరుకుతుంది. నువ్వు గట్టిదానివి."

"ఎప్పుడు రాశారు సార్ ఇది?"

"వాడు వచ్చిన నెలలో."

అంటే ఆరు నెలలుగా ఈ కాగితం ఆ సొరుగులో ఉంది. ఆ ఆరు నెలలూ ఆ సొరుగు తాళం కూడా రోజూ ఉదయం నేనే తీశాను.

నాకు కోపం వస్తే మాట రాదు. ఆ రోజు వచ్చింది. "మీ మేనేజర్ మీకు చేసిందే కదా సార్ ఇది? గట్టివాళ్ళని చూసి అవుటవ్వమనడం. మోసమని మీరే కదా చెప్పారు?"

ఆయన గోడమీది ఫోటో వైపు చూడలేదు. తలుపు అవతల బంతులు కొడుతున్న వాళ్ళనీ చూడలేదు. నన్నే చూశారు.

"ఆ మ్యాచ్ గెలిచాం," అన్నారు. "గెలవకపోతే ఫైనల్స్‌కి అందకుండా టీమంతా ఇంటికి పోయేది. నేను వయసులో ఉన్నప్పుడు మోసం అన్నాను. తర్వాత కూడా అన్నాను. చెప్పుకోవడానికి ఆ కథ బాగుంటుంది. మేనేజర్ చేసింది కరెక్టే, క్రికెట్."

సంతకం పెట్టలేనన్నది ఒక దెబ్బ. దాన్ని ఎలాగో పట్టుకోగలిగాను. ఈ మాటని పట్టుకోలేకపోయాను. ఏడాదిపాటు అన్నం గిన్నెల మీదుగా ఆయన నాకు చెప్పిన కథ, నేను ఆయన్ని నమ్మడానికి ఉన్న ఏకైక ఆధారం, ఆయనకి చెప్పుకోవడానికి బాగుండే కథ మాత్రమే. కథ విని మనిషిని నమ్మిన తెలివితక్కువది నేను. ఆయన్ని అంటే ఏం లాభం.

ఆయన నాకూ ఒక లెటర్ ఇచ్చారు. సిద్ధంగానే ఉంది. "అటెండెంట్" అని హోదా. కష్టపడి పనిచేస్తుంది, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది అని రెండు మంచి వాక్యాలు. సంతకం కొరియన్‌లో, అందంగా ఉంది.

బయటికి వస్తుంటే మేనల్లుడు ఎదురొచ్చి, "నూనా, మూడో మిషన్ ఆగిపోయింది," అన్నాడు. వాడి మొహం చూస్తే ఏమీ తెలియదనిపించింది. తెలిసినా అదే మొహం పెట్టేవాడేమో. "బెల్టు మార్చు," అన్నాను. ఎలా మార్చాలో చెప్పలేదు. ఆ ఏడాదిలో నేను తీర్చుకున్న పగ మొత్తం అంతే.

ఇంటికి వచ్చి చెబితే వరంగల్ అక్క పిసుకుతున్న చపాతీ పిండి పక్కన పెట్టింది. "కంప్లైంట్ పెట్టు. దొంగ లెటర్ అని రాసెయ్. ఆ పోరడు వాపస్ పోతడు, ఈయనకి బుద్ధొస్తది."

"నాకేమొస్తుందక్కా?"

"నీకు చల్లగుంటది."

రెండు రోజులు ఆలోచించాను. ఫారం తెరిచి మూశాను. రాస్తే ఆయన అక్కకొడుకు పోతాడు, నా ఏడాది రాదు. నేను మంచిదాన్నని ఆగలేదు. ఆ ఫారంలో సాక్ష్యాలు జతచేయమన్నారు. నా దగ్గర ఉన్నది ఒక బొటనవేలు.

పర్మిట్‌లో ఆరు నెలలు మిగిలాయి. రెజైనాకి ఫోన్ చేశాను. నా స్నేహితురాలు "నేను చెప్పానా లేదా" అనలేదు. అందుకు ఇప్పటికీ ఆమెకి రుణపడి ఉన్నాను. హోటల్ పోస్టు ఎప్పుడో పోయింది. అదే హోటల్ వంటింట్లో ఫుడ్ సర్వీస్ సూపర్‌వైజర్ కావాలట. వెళ్ళిన మొదటి రోజే, పనిలో చేరకముందే, ఆఫర్ లెటర్‌లో హోదా రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి ఇమ్మన్నాను. అక్కడి మేనేజర్, ఒక పెద్దావిడ, నన్ను వింతగా చూసి పెట్టింది. అలా అడగడం నేను ఒంగోల్లో నేర్చుకోలేదు.

రెండేళ్ళ తర్వాత, ఇంకా రెజైనాలో ఉండగానే తెలిసింది, ఆయన కేజ్ అమ్మేసి, తన పాత టీమ్‌కి బ్యాటింగ్ కోచ్‌గా వెళ్ళిపోయారని. మేనల్లుడికి అప్పటికే పీఆర్ వచ్చిందట. ఆ వార్త నాకు చెప్పింది వాడే. "నూనా, ఎలా ఉన్నావ్?" అని మెసేజ్. చాలా రోజులు చూసి, బాగున్నానని రాశాను.

అది తర్వాతి మాట. అంతకుముందే, పర్మిట్ ముగియడానికి మూడు వారాల ముందు, నా నామినేషన్ వచ్చింది. పీఆర్ అప్లికేషన్ నింపడానికి కూర్చున్నాను. గత పదేళ్ళలో ఎక్కడెక్కడ ఏమేం చేశామో ఒక్క నెల కూడా వదలకుండా రాయాలి. ఒంగోలు కాలేజీ రాశాను, ఇక్కడి కాలేజీ రాశాను, రెజైనా వంటిల్లు రాశాను. మధ్యలో ఓక్‌విల్ వరస మిగిలింది. షాపు పేరు, మొదలుపెట్టిన నెల, మానేసిన నెల. పక్కన "హోదా" అని ఒక చిన్న గడి.

సూపర్‌వైజర్ అని రాస్తే ఆయన ఇచ్చిన లెటర్‌తో కుదరదు. కుదరకపోతే అబద్ధం చెప్పానంటారు, అంతా పోతుంది. స్క్రీన్ ముందు టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. తర్వాత అటెండెంట్ అని టైప్ చేశాను. కింద "పైన రాసినదంతా సత్యమని ప్రమాణం చేస్తున్నాను" అన్నచోట టిక్ పెట్టి, పంపేశాను.